కవిగారు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు

మొన్న ఆసుపత్రి వరండాలో నా పక్కన ఒకావిడ కూర్చుంది. మెడ మీద నాకున్నలాంటి గాటే. అల్లూరు నుంచి వచ్చిందట. మాటల్లో మాటగా, "నా మనసు రాయైపోయిందమ్మా, ఇంట్లో చెప్తే నమ్మట్లేదు" అంది. నేను నమ్మాను. కానీ నా గొంతుతో ఆ హాల్లో అంత కథ చెప్పలేకపోయాను. ఈలోపు ఆవిడ నెంబరు పిలిచారు, లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు సత్యవతి. ముమ్మిడివరం దగ్గర పల్లె మాది. కువైట్‌లో ఖైతాన్ అనే పేటలో ఒక లేడీస్ టైలర్ షాపులో పదిహేనేళ్ళుగా కుడుతున్నాను. మా ఆయన సూరిబాబు అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో సూపర్‌వైజరు. పాప హారిక ఆరో తరగతి. మా ఫ్లాటులో రెండు గదులు. ఒకటి మాది, ఇంకో దాంట్లో రమణమ్మక్క ఉంటుంది. రాయచోటి వైపు ఆవిడ. రెండు కువైటీ ఇళ్ళలో పని చేసి సాయంత్రానికి వస్తుంది. ఎనిమిదేళ్ళుగా మా వంటిల్లు, ఆవిడ వంటిల్లు ఒకటే.

జబ్బు గురించి చెప్పేముందు కవిగారి గురించి చెప్పాలి. లేకపోతే నాకేం పోయిందో తెలియదు.

నాకు చిన్నప్పుడు నత్తి. 'ప'తో మొదలయ్యే మాట వస్తే పెదాలు అతుక్కుపోయేవి. మా అక్క పేరు పార్వతి. దాన్ని పిలవాల్సి వస్తే దగ్గరికి నడిచి వెళ్ళి జడ లాగేదాన్ని. బళ్ళో నన్ను చదవమంటే క్లాసంతా ముందే నవ్వడానికి సర్దుకుని కూర్చునేది. ఐదో తరగతిలో తెలుగు మేడమ్‌గారు ఒక సన్నటి పుస్తకం తెచ్చి తలా ఒక కవిత చదవమన్నారు. నాకొచ్చింది కాలవ లాకుల మీద రాసిన కవిత. తలుపులు మూస్తారు, నీటిమట్టం పెరుగుతుంది, తలుపులు తెరవగానే పడవ చప్పుడు లేకుండా అవతలికి జారుతుంది. అంతే ఉంది అందులో. మొదటి పాదం దగ్గర తడబడ్డాను. రెండోపాదం నుంచి నా నోరు ఎక్కడా ఆగలేదు. చివరిదాకా చదివి, పేజీ తిప్పి, నాది కాని కవిత కూడా చదివేశాను. మేడమ్‌గారు ఆపలేదు. గంట కొట్టాక ఆ పుస్తకం నా చేతిలోనే ఉంచేశారు.

ఆ కవిగారి పేరు ఇక్కడ రాయను. ఆయన్ని చదివినవాళ్ళు లాకులనగానే పోల్చుకుంటారు. చదవనివాళ్ళకి పేరు చెప్పినా ఒకటే. గోదావరి కాలవ మీద లాకుల దగ్గర గుమాస్తాగా ఉద్యోగం చేసుకుంటూ నాలుగు పుస్తకాలు రాశారు. రేవులో పంటు పడవ ఎక్కే జనం, కొబ్బరికాయలు వలిచే ఆడవాళ్ళు, వానకి తడిసిన సైకిలు సీటు, ఇలాంటి వాటి మీదే రాశారు. పద్నాలుగేళ్ళప్పుడు ఆయనకి కార్డు రాశాను, మీ పద్యాలు చదివితే నాకు నత్తి రావట్లేదని. జవాబొచ్చింది. నా కార్డులో ఉన్న రెండు అక్షరదోషాలు దిద్ది, ఎవరు నవ్వినా గట్టిగానే చదువుకోమన్నారు.

ఆ తర్వాత మాట తడబడేలా ఉందనిపిస్తే లోపల ఆయన పాదం ఒకటి అనుకుని ఆ ఊపులో నా మాట అనేసేదాన్ని. పెళ్ళిచూపుల్లో అలాగే మాట్లాడాను. ఈ దేశంలో దిగిన రోజు పాస్‌పోర్టు చూసే అతని ముందు అలాగే మాట్లాడాను. పాతికేళ్ళు దాటేసరికి నత్తి దాదాపు పోయింది. ఆయన నన్ను వదల్లేదు. మా అమ్మ పోయినప్పుడు ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్‌లో ఉండి వెళ్ళలేకపోయాను. ఆ వారమంతా మధ్యాహ్నాలు షాపు వెనక గుడ్డల మూటల మధ్య కూర్చుని ఆయన పుస్తకం తెరిచి ఏడ్చాను. మాట్లాడటమే కాదు, ఏడవటం కూడా నాకు ఆయన దగ్గరే వచ్చింది.

సెప్టెంబరు – నవంబరు

ఒక శుక్రవారం పొద్దున వంటింట్లో రమణమ్మక్క బెండకాయలు తరుగుతూ తలెత్తి నన్ను చూసింది.

"సత్తెమ్మా, ఇట్ల తిరుగు. గొంతుకాడ ఏందది ఉబ్బినట్టుండాది?"

"ఏం లేదక్కా, లావయ్యాను."

"లావైతే రెండు పక్కలా అవుతారు గదమ్మే. ఒగ పక్కనే అవుతారా?"

నవ్వేశాను. షాపులో పెళ్ళిళ్ళ ఆర్డర్లున్నాయి. ఇంకో మూడు వారాలు గడిపేశాను. ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగిన జాగ్రత్త ఇదొక్కటే. అద్దం ముందు నిలబడి గుక్కెడు నీళ్ళు మింగండి. మెడలో ఏదైనా పైకీ కిందకీ కదిలితే మూడు వారాలు ఆగకండి.

తర్వాత అంతా కుర్చీలే. స్కానుకి కుర్చీ, సూదికి కుర్చీ, రిపోర్టుకి కుర్చీ. ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు వేరుగా ఉండేవి. సూరిబాబు అవతల వైపు కూర్చుని మధ్యమధ్య మెడ సాగదీసి నన్ను చూసేవాడు. గోడ మీది తెర మీద నెంబర్లు అరబీ అంకెల్లో వచ్చేవి. పదిహేనేళ్ళలో నేర్చుకోని ఆ అంకెలు ఆ రెండు నెలల్లో నేర్చుకున్నాను. రిపోర్టు రోజు నా పక్కన ఒక ముసలావిడ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. ఏ దేశమో తెలియదు. నేను నెంబరు చీటీ మడుస్తూ విప్పుతూ ఉండటం ఆవిడ చూసింది. పూసలు ఒళ్ళో పెట్టేసి నా చెయ్యి పట్టుకుని, "సబర్, సబర్" అంది. ఓర్చుకోమని. నా నెంబరు వచ్చేదాకా వదల్లేదు.

డాక్టరు థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. ఈ రకం నయమయ్యేదే, తీసేస్తాం, తర్వాత అయోడిన్ మందు ఇస్తాం అన్నారు. సూరిబాబు అదే ప్రశ్న మూడుసార్లు అడిగాడు. ఆయన మూడుసార్లూ అదే జవాబు అంతే నెమ్మదిగా చెప్పారు.

ఇంటికొచ్చాక మాకు మాటామాటా పెరిగింది. మా ఆయన ఆపరేషను ఇండియాలో చేయిద్దామంటాడు. నేను హారిక చదువు మధ్యలో ఉందంటాను.

"ఇక్కడ మనకెవరున్నారే, నీకేమైనా అయితే?" అని అరిచాడు. ఆయన అరవడం నేను వినడం అదే మొదలు.

"అక్కడ మాత్రం ఎవరున్నారండీ?"

వంటింట్లో నుంచి రమణమ్మక్క గొంతు వినిపించింది. "నేనుండా గదా."

అంతే, ఆ గొడవ అక్కడితో ఆగింది. ఆపరేషను ఇక్కడే అయింది.

మెలకువ వచ్చాక నీళ్ళు అడగబోయాను. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. ఇలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పారు. గొంతుకి వెళ్ళే నరం గడ్డని ఆనుకుని ఉందనీ, కొన్నాళ్ళు మాట రాకపోవచ్చనీ, వచ్చినా పూర్తిగా రాకపోవచ్చనీ. సంతకం కూడా పెట్టాను. కానీ సంతకం పెట్టడం వేరు, నోరు తెరిస్తే ఏమీ రాకపోవడం వేరు. చిన్నప్పుడు గొంతుండేది, మాట ఆగిపోయేది. ఇప్పుడు మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి, గొంతు లేదు. కవిగారి పాదం ఒకటి లోపల అనుకుని చూశాను. లోపల బాగానే ఉంది. బయటికి ఉత్త ఊపిరి వచ్చింది.

షాపులో కొలతలు కాగితం మీద రాసి చూపించేదాన్ని. అందరూ నాతో తగ్గుస్వరంలో మాట్లాడేవాళ్ళు, నేనేదో రహస్యం చెప్తున్నట్టు.

జనవరి

అయోడిన్ మందుకి ముందు కొన్ని వారాలు, ఆపరేషను తర్వాత రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్రలు ఆపేస్తారు. చేపలు వద్దు, పాలు వద్దు, అయోడిన్ ఉప్పు వద్దు. చేపలు లేకుండా కోనసీమ మనిషి ఎలా బతుకుతుందని మా ఆయన బెంగ. రమణమ్మక్క సెలవు రోజున ఖైతాన్‌లో ప్రతి బకాలా కొట్టులోనూ దూరి, ఫర్వానియా దాకా వెళ్ళి, అయోడిన్ కలపని ఉప్పు సంపాదించుకొచ్చింది. డబ్బా మీద ఉన్నది తను చదవలేదు కాబట్టి ముగ్గురు కొట్టువాళ్ళ చేత వేరువేరుగా చదివించుకుందట. "ఒగడు అబద్ధం చెప్పినా ఇద్దరు చెప్పరు గదా" అంది.

మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారం చలి మొదలైంది. జనవరిలో కువైట్‌లో చలే, కానీ ఈ చలి ఎముకల లోపలి నుంచి వచ్చేది. రెండు స్వెట్టర్లు వేసుకుని, మా ఆయన పాత మేజోళ్ళు తొడుక్కుని మంచం మీద కూర్చునేదాన్ని. ముఖం ఉబ్బింది. సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పట్టేది. ఎవరైనా ఏదైనా అడిగితే ఆ ప్రశ్న నా దగ్గరికి నడిచొస్తున్నట్టు ఉండేది. అది వచ్చేలోపు అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

మూడో వారానికి ఇంకోటి మొదలైంది. దానికి నా దగ్గర పేరు లేదు. బాధ అనలేను. బాధైతే నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం హారిక స్కూలు బస్సు దిగుతూ పడి మోకాలు చీరుకుపోయి వచ్చింది. మేజోడు దాకా రక్తం. ఏడుస్తూ నా ముందు నిలబడింది. నేను ఆ మోకాలి వైపు చూస్తూ కూర్చున్నాను. కడగాలి, మందు రాయాలి అని తెలుసు. లేచి కడిగాను, రాశాను. కానీ లోపల ఏమీ కదల్లేదు. షాపులో చిరిగిన లంగా ఎవరో తెచ్చిస్తే ఎంత కుట్లు పడతాయో చూసినట్టు చూశాను. అది ఏడుపు ఆపేసి నా ముఖంలోకి చూసింది.

"అమ్మా, ఆర్ యూ యాంగ్రీ విత్ మీ?"

లేదని తల ఊపాను.

"మరి ఎందుకలా ఉన్నావు?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను, గుసగుసగా. అది బ్యాగు తీసుకుని రమణమ్మక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కవిగారు పోయింది ఆ మరుసటి వారం. సూరిబాబు ఎప్పుడూ సాయంత్రం ఆరు దాటాకే వస్తాడు. ఆరోజు మధ్యాహ్నం ఒంటిగంటకే వచ్చాడు, అమ్ఘరా దుమ్ము బట్టలతో అలాగే. బూట్లు విప్పకుండా మంచం అంచున కూర్చున్నాడు. చేతిలో టిష్యూ డబ్బా ఉంది.

"సత్యా, నీ ఫోను చూశావా?"

తల అడ్డంగా ఊపాను.

"మీ కవిగారు పోయారంట. పొద్దున్న. మనోళ్ళ గ్రూపులో పెట్టారు. నువ్వొక్కదానివే ఉండగా చూస్తావేమోనని వచ్చేశాను."

ఆ వాక్యం నా దగ్గరికి నడిచొచ్చింది. అర్థమైంది. ఆయన వయసు లెక్కేశాను. ఎనభై దాటి ఉంటాయి. కిటికీ బయట ఎవరో తివాచీ దులుపుతున్నారు.

"అలాగా. అన్నం తిన్నారా?" అన్నాను.

మా ఆయన తన ఫోను తీసి ఆ మెసేజీ నా ముందు పెట్టాడు. ఈ మనిషి కవిగారి పద్యం ఒక్కటి కూడా చదవలేదు. పెళ్ళైన కొత్తలో నేను చదివి వినిపిస్తుంటే నిద్రపోయేవాడు. కానీ ఆయన పుస్తకం తెరిస్తే నేనేమవుతానో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాడు.

"ఏంటే అలా ఉండిపోయావు? ఏడవ్వే" అన్నాడు.

"ఏడవాలనే ఉందండీ. రావట్లేదు."

అది నిజం కూడా కాదు. ఏడవాలని కూడా లేదు. ఏడవాలని ఉండాలి కదా అని మాత్రం తెలుస్తోంది. మా ఆయన టిష్యూ డబ్బా పక్కన పెట్టి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని తనే ఏడ్చాడు. ఆపరేషను రోజున ఏడవలేదు. క్యాన్సర్ అన్న రోజున ఏడవలేదు. ఆరోజు భుజాలు ఊగిపోయేలా ఏడ్చాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. వెయ్యాలి కాబట్టి వేశాను. చేతి కింద చొక్కా గరుగ్గా ఉంది, ఇనుప రజనుతో.

నాలుగు రోజులకి తెలుగువాళ్ళ సంఘం నుంచి ఫోనొచ్చింది. సంతాప సభ పెడుతున్నామనీ, ఆయన్ని నాకంటే బాగా చదివినవాళ్ళు ఇక్కడ ఎవరున్నారనీ, రెండు మాటలు మాట్లాడాలనీ. గొంతు లేదని చెప్పించాను. అది మంచి సాకు. గొంతున్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పుస్తకం తెరిచి లాకుల కవిత చూశాను. తలుపు, నీళ్ళు, పడవ. అక్షరాలు తెలుస్తున్నాయి. పదిహేడో నెంబరు బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో రాసిన బోర్డు చదివినట్టుంది.

అప్పుడు మాత్రం భయం వేసింది. భయం అనడం కూడా ఎక్కువేమో. జబ్బు గొంతులోది, కోసి తీసేశారు. మరి ఇది కూడా దాంతోపాటు తీసేశారా? ముప్పై ఏళ్ళుగా నాతో ఉన్న మనిషి లోపలే చచ్చిపోయాడా? నేను ఇక ఇలాగే ఉంటానా? ఈ ప్రశ్నలు కూడా తాపీగా, ఒకదాని వెనక ఒకటి, ఎవరివో అన్నట్టు వచ్చాయి.

రక్తం ఇవ్వడానికి వెళ్ళిన రోజు అక్కడి మలయాళీ నర్సుతో చెప్పాను. వయసులో నాకంటే చిన్నది. సూది గుచ్చుతూ ఎలా ఉన్నారని హిందీలో అడిగింది. అందరినీ అడిగే ప్రశ్నే. నేను గుసగుసగా, మా పాపకి రక్తం వస్తుంటే నాకేమీ అనిపించలేదు అన్నాను. ఆ అమ్మాయి సూది తీసి, దూది పెట్టి, నా మోచెయ్యి మడిచి పట్టుకుంది. "యే ఆప్ నహీ హై, దీదీ. దవా బంద్ హై, ఇస్‌లియే" అంది. ఇది మీరు కాదు అక్కా, మందు ఆపాం కాబట్టి ఇలా ఉంది అని. చాలామందికి ఇలాగే అవుతుందట. కొందరు బయటికి చెప్పరట. మందు మొదలెట్టాక మెల్లగా వస్తుందట. ఎన్నాళ్ళకి అంటే చెప్పలేనంది.

ఆ మాట నన్ను ఓదార్చలేదు. ఓదార్పు అందుకునే స్థితిలో లేను. కానీ ఇంటికొచ్చి అదే మాట కాగితం మీద రాసి హారికకి చూపించాను. అది రెండుసార్లు చదివి, కాగితం మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

ఫిబ్రవరి

అయోడిన్ మందు తాగాక మూడు రోజులు ఒంటరి గదిలో ఉంచుతారు. ఒంట్లో నుంచి రేడియేషను వస్తుంది కాబట్టి ఎవరూ దగ్గరికి రాకూడదు. లోపలికి తీసుకెళ్ళిన వస్తువులు మళ్ళీ బయటికి రాకపోవచ్చు, పోయినా ఫరవాలేదు అనుకున్నవే తెచ్చుకోండి అన్నారు. ఫోనుకి ప్లాస్టిక్ కవరు చుట్టి ఇస్తామన్నారు. కవిగారి పుస్తకం తీసుకెళ్ళే ప్రశ్నే లేదు. తీసుకెళ్ళాలని నాకూ లేదు. మా ఆయన మాత్రం పేజీ పేజీ ఫొటోలు తీసి నా ఫోనులో పెట్టాడు.

చేరాల్సిన రోజు పొద్దున రమణమ్మక్క వచ్చి నా సంచిలో ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"నీ బుక్కు. రాసినా."

తెరిచి చూశాను. మొదటి పేజీ నుంచి కవిగారి పద్యాలు, పెద్ద పెద్ద అక్షరాల్లో, నీలం పెన్నుతో. రమణమ్మక్క నాలుగో తరగతి దాకా చదువుకుంది. ఇంట్లో ఆవిడ పెన్ను పట్టుకోవడం నేను చూడలేదు. పుస్తకం పారేస్తారని హారిక చెప్పిందట. అప్పట్నుంచి, పనిచేసే ఇంట్లో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పడుకున్నప్పుడు మధ్యాహ్నాలు కూర్చుని రాసిందట.

"ఫొటోలు తీశాం కదక్కా ఫోనులో" అని మా ఆయన అనేశాడు.

రమణమ్మక్క ఆయన వైపు చూసింది. "నాకెవురు చెప్పినారు?" అంది. తర్వాత, "పోనీలే. ఫోను చార్జింగు అయిపోతే ఇది ఉంటాది" అంది.

గదిలో ఒక మంచం, ఒక టీవీ, తెరుచుకోని కిటికీ. మందు తాగించి తలుపు మూశారు. అన్నం తలుపు దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. నర్సు ఫోనులోనే మాట్లాడేది. నీళ్ళు తాగండి, నీళ్ళు తాగండి. మూడు రోజులు నీళ్ళు తాగాను. ఎండ గోడ మీద ఒక చోట మొదలై ఇంకో చోట అయిపోయేది. ఆ తేడా తప్ప అన్నీ ఒకే రోజులా గడిచాయి.

రెండో రోజు ఆ నోటుబుక్కు తీశాను. ఒత్తులు సగం లేవు. 'భ' అంతటా 'బ' అయింది. కొన్నిచోట్ల పాదం కాగితం అంచుకి చేరి ఇరుక్కుని కిందికి వంగింది. పద్యాలు చదివితే ఎప్పటిలాగే ఏమీ లేదు. కానీ వాటి మధ్యలో వేరే మాటలున్నాయి. లాకుల కవితలో పడవ సగం దాటాక, "మామా లేసింది. రేపు" అని రాసి ఉంది. ఆ కింది నుంచి పడవ మిగతా సగం. కొబ్బరికాయల కవిత పక్కన, "చెయ్యి నొస్తాంది". ఇంకో చోట ఒక మాట చుట్టూ గీత గీసి, "ఈ మాట సదవను రాలేదు, గీసినా". నిజంగానే ఆ మాటని అక్షరాలుగా కాక బొమ్మలా గీసింది. మొత్తం పుస్తకం. ఒక్క పద్యం వదల్లేదు. చివరి పేజీలో పుస్తకం వెల, అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా రాసింది.

ఇది చూసి ఏడ్చానని రాస్తే బాగుండేది. ఏడవలేదు. రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా ఆవిడ రాసుకున్న మాటలు మాత్రం వెతుక్కుంటూ చదివాను. అంతే.

మూడో రోజు మీటరు పెట్టి చూసి వెళ్ళొచ్చన్నారు. వస్తువులు సంచిలో వేసి వదిలేయమన్నారు. టవలు, చెప్పులు, నోటుబుక్కు ఒకదాని వెనక ఒకటి వేశాను. సంచి మూతి కట్టింది నేనే.

ఇంటికొచ్చాక ఇంకో వారం హారిక నా దగ్గరికి రాకూడదు. రమణమ్మక్క గదిలో పడుకుంది. పొద్దున స్కూలుకి వెళ్ళేముందు హాలు ఆ చివర నిలబడి చెయ్యి ఊపేది. రెండో రోజునో మూడో రోజునో రమణమ్మక్క మాట వినిపించింది. "మీ యమ్మకు నీ మింద కోపం ల్యా పాపా. మాత్తర్లు ల్యాక అట్లుండాది. బండిలో నూనె అయిపోతే పోతాదా చెప్పు." నర్సు చెప్పింది నాకు తలకెక్కింది. ఈ మాట హారికకి తలకెక్కింది.

ఆ తర్వాత

మాత్రలు మళ్ళీ మొదలెట్టారు. ఒక పొద్దున లేచేసరికి అన్నీ తిరిగొచ్చేశాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. ముందు చలి తగ్గింది. రెండు స్వెట్టర్లు ఒకటయ్యాయి. రంజాన్ నెల మొదలయ్యేసరికి సూదిలో దారం ఎక్కించగలుగుతున్నాను. పండగ బట్టలు కుట్టాను. ఒకరోజు హారిక ఏదో వాగుతుంటే విసుగొచ్చి కసిరాను. కసిరాక ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. దానికి భలే సంతోషమైంది, తిట్టినందుకు. నాకు పూర్తి సంతోషం కాదు. పిల్ల సంతోషపడటం చూడగలిగాను. గొంతు కూడా కొంచెం వచ్చింది. బొంగురుగా, మధ్యలో చిరుగుతూ. ఇంతకంటే రాకపోవచ్చని డాక్టరు అన్నారు.

మే నెలాఖరున స్కాను తీశారు. ఏమీ లేదన్నారు. సూరిబాబు ఈసారి కూడా మూడుసార్లు అడిగాడు. బయటికొచ్చి ఎండలో కారు డోరు తెరిచి పట్టుకుని, ఎక్కకుండా అలాగే నిలబడ్డాడు. "చేపలు తీసుకెళ్దామా?" అన్నాడు చివరికి. తీసుకెళ్ళాం.

కవిగారి పుస్తకం మాత్రం నేను ముట్టుకోలేదు. తెరిస్తే బస్సు బోర్డులాగే ఉంటుందేమోనని. తెరవకుండా ఉంటే తెలియదు కదా.

జూన్‌లో రమణమ్మక్క పనిచేసే పెద్ద ఇంటి మామా చనిపోయింది. ఆవిడ పిల్లలు వీసా క్యాన్సిల్ చేసి, టికెట్టు కొని, మర్యాదగానే పంపిస్తామన్నారు. ఇరవై రెండేళ్ళు. "ఖలాస్, ఇంగ చాలు" అంది అక్క. వెళ్ళే ముందటి శుక్రవారం మధ్యాహ్నం పెట్టెలు కట్టేసి, నా దగ్గరికొచ్చి కింద కూర్చుంది.

"సత్తెమ్మా, నేను రాసిందంతా ఆడ పారేసినారు గదా."

"అవునక్కా."

"నాకొగటి రాసీ. నీ రాత బాగుంటాది. ఊర్లో పెట్టుకుంటా."

"ఏది?"

"అదే. బస్సులో ముసల్దాని కత."

ఒక్క క్షణం నాకు గుర్తు రాలేదు. ఆ పద్యం నేనెప్పుడూ చదవను. ఐదో తరగతి నుంచి దాటేసే పేజీ అది. అందులో లయ కూడా ఉండదు, నాకు నోటికి సాయం చెయ్యదు. ఆసుపత్రి గదిలో కూడా దాని మీద నుంచి దాటిపోయాను. అక్క అన్ని మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ రాసి, అందులో నుంచి దాన్ని ఏరుకుంది.

పుస్తకం తెచ్చాను. తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఒక ముసలావిడ. పాతికేళ్ళుగా కూలికి బస్సులో నిలబడి వెళ్తుంది. ఒకరోజు కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. కూర్చుంటుంది. పొలాలు కనిపిస్తాయి, వంతెన కనిపిస్తుంది, ఇన్నాళ్ళూ వెళ్ళిన ఆ దారిలో ఒక చెరువుందని తెలుస్తుంది. ఆవిడ దిగాల్సిన చోటు వస్తుంది. కండక్టరు పిలుస్తాడు. ఆవిడ దిగదు.

"నేనూ అట్లే అనుకుండేదాన్ని" అంది అక్క, కాగితం వైపు చూస్తూ. "పొద్దున్నే ఆ బస్సులో నిలబడి పోతా, ఒగనాడు దిగకుండా పోతే ఏమైతాది అని. యాడికి పోతాదో ఆ బస్సు."

"ఎప్పుడూ చెప్పలేదేమక్కా?"

"ఎవురికి చెప్పేది? ఈయన చెప్పినాడు గదా."

రాయడం పూర్తయింది. కాగితం ఇచ్చాను. అక్క తీసుకోలేదు.

"సదివి చెప్పు. నీ గొంతుతో ఇనాల."

"నా గొంతు చూస్తున్నావుగా."

"ఉండే గొంతుతోనే సదువు."

చదివాను. బొంగురుగా, ఊపిరి చాలక ఆగుతూ. కిటికీ దాకా బాగానే వచ్చింది. చెరువు దగ్గర గొంతు విరిగింది. నరం దగ్గర విరిగినప్పుడు ఎలా ఉంటుందో నాకు ఏడు నెలలుగా తెలుసు. ఇది అది కాదు. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, చివరిదాకా చదివాను. హారిక గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

రమణమ్మక్క మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చునే ఉంది.

"ఇంగొగసారి" అంది.

మళ్ళీ చదివాను.